పైన ఉండాల్సిన ఊచలు

మా ఇంటి నీళ్ల ట్యాంకుకి మూత స్లాబు వేయించినప్పుడు ఎలీషా నాకు పరిచయమయ్యాడు. ఒక్కరోజు పని. అతను రెండు రోజులు చేశాడు. సెంట్రింగ్ రేకుల మీద ఊచలు పరిచి, అడ్డంగా మళ్లీ ఊచలు వేసి, అవి కలిసిన ప్రతిచోటా తీగ చుట్టి కొక్కెంతో మెలిపెట్టడం అతని పని. ముప్ఫై రెండేళ్లుగా అదే చేస్తున్నాడు. చీపురుపల్లి దగ్గర పల్లెటూరు వాళ్లది. మనిషి సన్నగా, కొంచెం ముందుకు వంగి ఉంటాడు. మాట తక్కువ. ఇంత చిన్న మూతకి అంత జాగ్రత్త ఎందుకని అడిగితే నవ్వి ఊరుకున్నాడు. తర్వాత కొన్నాళ్లకి కొంత అతను చెప్పాడు, మిగతాది అతని భార్య మెర్సీ చెప్పింది.

వయసులో ఉన్నప్పుడు ఎలీషా పదహారేళ్లు విశాఖపట్నంలో పనిచేశాడు. అక్కడ అతనికి అప్పలసూరి అని జతగాడు ఉండేవాడు. కోటబొమ్మాళి వైపు మనిషి. ఇద్దరిదీ ఒకే గది, ఒకే పొయ్యి. ఒక అపార్ట్‌మెంటులో కిటికీల మీది సన్‌షేడ్లకి ఇద్దరూ కలిసి ఇనుము కట్టారు. రెండు వారాల తర్వాత కింద ఆసరాగా నిలబెట్టిన బాదులు తీస్తుంటే ఒక సన్‌షేడు గోడ దగ్గర విరిగి అప్పలసూరి మీద పడింది. ఆసుపత్రికి చేరేలోపే పోయాడు. మర్నాడు ఒక ఇంజినీరు వచ్చి విరిగిన చోట చూపించాడు. పైన ఉండాల్సిన ఊచలు అట్టడుగుకి దిగిపోయి ఉన్నాయి. వాళ్లు కట్టడం పైనే కట్టారు. కాంక్రీటు పోసేటప్పుడు ఎవరో తొక్కేశారు. ఎవరు తొక్కారన్నది తేలలేదు.

శవంతో పాటు ఎలీషా కోటబొమ్మాళి వెళ్లాడు. అప్పలసూరి తల్లి ఏడ్చి ఏడ్చి, చివరికి ఒక్క మాట అడిగింది.

"ఆ ఇనుము ఎవులు కట్టేరు బాబూ?"

"మేవిద్దరవే కట్టేం అమ్మా" అన్నాడు.

ఆమె తల ఊపి లోపలికి వెళ్లిపోయింది. ఆ తర్వాత ఎలీషా విశాఖలో నెల రోజులు కూడా ఉండలేకపోయాడు. ఊరికి వచ్చేశాడు.

ఊళ్లో పని ఇచ్చింది మెర్సీ అన్నయ్య సత్యానందం. అతను ఇళ్లు కట్టించే మేస్త్రీ, బాప్టిస్టు సంఘంలో పెద్ద. గట్టిగా మాట్లాడతాడు, ఎవరికి కష్టం వచ్చినా ముందుంటాడు. చెల్లెలి ఇంటి పైకప్పు అతనే వేయించాడు. ఎలీషా అతన్ని బావ అంటాడు. పదిహేనేళ్లు ఇద్దరి మధ్యా పెద్ద మాటే రాలేదు.

నిరుడు నెల్లిమర్లలో తిరుమలరావు ఇంటి పని సత్యానందానికి వచ్చింది. తిరుమలరావు జనపనార మిల్లులో పనిచేసి రిటైరైన మనిషి. భార్య చిన్నతల్లి ఇంటి ముందు అరుగు మీద పొద్దున్నే ఇడ్లీలు అమ్ముతుంది. పాత పెంకులు తీసేసి స్లాబు వేయించుకుంటున్నారు. వీధి వైపు నాలుగడుగుల బాల్కనీ కావాలన్నారు. బాల్కనీ కింద నీడ ఉంటుంది, వర్షం పడినా ఇడ్లీలు తినేవాళ్లు నిలబడవచ్చు. బాల్కనీ కోరిక చిన్నతల్లిదే.

ఎలీషా నాలుగు రోజులు ఇనుము కట్టాడు. నాలుగో రోజు చిన్నతల్లి టీ పట్టుకుని మెట్లెక్కి వచ్చి, చాలాసేపు చూసి అడిగింది.

"గదుల మీద ఊసలు కింద ఉన్నాయి. బాల్కనీకి పైన కట్టినావు. అదేటి బాబూ, అలాగెందుకు?"

ఎలీషా ఆమెని చెయ్యి ముందుకి చాపమన్నాడు. తీగ చుట్ట ఒకటి తీసి ఆమె అరచేతిలో పెట్టాడు.

"ఎక్కడ లాగతాంది?"

"బుజం మీద."

"పైనా, కిందా?"

"పైనే."

"బాల్కనీ కూడా అంతే అమ్మా. గోడే బుజం. పైన లాగతాది. ఊస పైన ఉంటేనే పట్టుకుంటాది. గది మీద స్లాబుకి రెండేపులా గోడలుంటాయి, మద్దిన కింద లాగతాది. అందుకని అక్కడ కింద."

చిన్నతల్లి చెయ్యి అలాగే చాపి ఉంచి, కాసేపు భుజం వైపు చూసుకుంది. తర్వాత తీగ చుట్ట ఇచ్చేసి, గ్లాసు తీసుకుని దిగిపోయింది.

పై ఊచలు కిందికి దిగకుండా వాటి కింద ఇనుప ముక్కలు వంచి నిలబెడతారు. వాటిని కుర్చీలు అంటారు. ఎలీషా ఇరవై కుర్చీలు కావాలన్నాడు. సత్యానందం ఎనిమిది చాలన్నాడు. ఆ ఎనిమిదీ ఎలీషా దూరం దూరంగా సర్దుకున్నాడు. మెట్ల నుంచి బాల్కనీ మీదుగా నడవడానికి ఒక చెక్క బల్ల వేశాడు. ఊచల మీద ఎవరూ కాలు పెట్టకూడదని అందరికీ చెప్పాడు.

స్లాబు రోజున పొద్దున్న ఏడింటికి కాంక్రీటు కలిపే మిల్లరు మొదలైంది. వెనక గది నుంచి పోసుకుంటూ వస్తున్నారు. పదకొండు దాటాక సత్యానందం ఎలీషాని పిలిచాడు. గరివిడిలో ఇంకో పనికి ఇనుము దిగిందనీ, వెళ్లి లెక్క చూసి కోయించమనీ చెప్పాడు.

"బాల్కనీ పోసినాక ఎల్తాను బావ."

"బాల్కనీకి సాయంత్రం అవుతాది. నువ్వెల్లిపో. నానున్నాను కదా."

ఎలీషా వెళ్లాడు. ఈ కథలో తన తప్పు అక్కడే ఉందని అతను ఇప్పటికీ అంటాడు. ఇంకోసారి కాదని ఉంటే బావ ఊరుకునేవాడు. అనలేదు.

తిరిగి వచ్చేసరికి నాలుగయింది. ఆకాశం మబ్బు పట్టి ఉంది. వాన వస్తుందని వాళ్లు తొందరపడి బాల్కనీ పోసేశారు. పైన నున్నగా పామేశారు కూడా. అతను వేసిన చెక్క బల్ల కింద ఇసక దగ్గర పడి ఉంది. తట్టలు మోసిన ఆడవాళ్లు కుళాయి దగ్గర కాళ్లు కడుక్కుంటున్నారు. వాళ్లలో దాలమ్మ అనే ఆమె ఎలీషా ఊరి మనిషే. ముప్ఫై ఏళ్లుంటాయి. ఎలీషాని బాబాయి అంటుంది.

"బల్ల ఎవులు తీసేరు?" అని అడిగాడు.

"కాళ్లకి అడ్డం వస్తందని తాపీవోళ్లు తీసేరు బాబాయి. మేం ఊసల మీంచే నడిసేం."

"కుర్సీలు?"

దాలమ్మ తాపీవాళ్ల వైపు ఒకసారి చూసింది. "మెట్ల వేపువి పడిపోనాయి. సెబితే, పరవానేదు, వాన వస్తంది, నడండి అన్నారు. నాను సెప్పినట్టు సెప్పకు. పనినోంచి తీసెత్తారు."

"సెప్పను" అన్నాడు ఎలీషా.

ఆ సాయంత్రమే సత్యానందాన్ని పక్కకి పిలిచి అడిగాడు. సత్యానందం మొహం చిట్లించాడు.

"ఎన్ని బాల్కనీలు ఏసేం? ఏ ఒక్కటైనా పడిందేటి? నువ్వూ నీ కుర్సీలూ. ఈ మాట ఇంకెక్కడా అనకు. అన్నావంటే నెల్లిమర్లలో మనకింక పన్నేదు."

ఎలీషా నోరు మూసుకున్నాడు.

తర్వాత రెండు వారాలూ అతనికి తిండి సహించలేదని మెర్సీ చెప్పింది. పనికి వెళ్తాడు, వస్తాడు. కంచం ముందు కూర్చుని చెయ్యి కలిపి, లేచిపోతాడు. రెండుసార్లు గరివిడి వెళ్లాల్సినవాడు రైలు దిగకుండా నెల్లిమర్ల దాకా వెళ్లి, ఆ ఇంటికి ఎదురుగా నిలబడి చూసి వచ్చాడు. కొత్త స్లాబు ఎండిపోకుండా చిన్నతల్లి దాని మీద మడులు కట్టి, బిందెలతో నీళ్లు పోస్తూ కనిపించింది. అతన్ని చూసి చెయ్యి ఊపింది. చెబుదామనుకుని మెట్ల దాకా వెళ్లాడు. ఆమె కింద అరుగు చూపించి, ఇక్కడ బల్ల, అక్కడ పొయ్యి అని చెప్పుకుపోతుంటే నోరు రాలేదు.

పైగా అతనికి అసలు నిశ్చయం లేదు. ఊచలు దిగాయో లేదో కళ్లతో చూడలేదు. దాలమ్మ చూసింది రెండు మూడు కుర్చీలే కావచ్చు. పైకి చూస్తే సిమెంటు నున్నగా, చక్కగా ఉంది. లేనిదాన్ని ఉన్నట్టు చెప్పి బావ పరువు తీస్తే ఎలాగ. ఉన్నదాన్ని చెప్పకుండా ఊరుకుంటే ఎలాగ. రోజంతా ఈ రెండింటి మధ్యే తిరిగేవాడు.

మెర్సీకి సంగతి చెప్పాడు. ఆమె మొదట ఒప్పుకోలేదు.

"నువ్వు ఇశాపట్నం నుంచి ఒచ్చినప్పుడు ఎవులు సూసేరు? అన్నయ్యే కదా. ఆయన మీదే సెబుతావేటి?"

"ఆయన మీద కాదే."

"అన్నయ్యకి అలాగే అనిపిస్తాది."



నెల మొదటి ఆదివారం చర్చిలో ప్రభు భోజనం. సత్యానందం సంఘ పెద్ద కాబట్టి ద్రాక్షరసం పోసిన చిన్న గ్లాసుల పళ్లెం అతనే పట్టుకుని వరుసలవెంట వస్తాడు. మనసులో తప్పు దాచుకున్నవాళ్లు ఆ గ్లాసు తీసుకోకూడదంటారు. సత్యానందం వచ్చి ఎలీషాకి పళ్లెం అందించాడు. ఎలీషా చేతులు ఒళ్లో పెట్టుకుని, తల దించుకుని కూర్చున్నాడు. సత్యానందం ఒక నిమిషం నిలబడ్డాడు. వెనక వరుసలో ఎవరో దగ్గారు. పళ్లెం పక్క మనిషికి వెళ్లిపోయింది.

అయ్యాక చర్చి బయట సత్యానందం మామూలుగానే మాట్లాడాడు. రేపు నెల్లిమర్లలో సెంట్రింగ్ తీసేస్తున్నామనీ, బాదులు ఇంకో పనికి కావాలనీ చెప్పాడు. రేపటికి స్లాబు వేసి పదహారు రోజులు.

ఇంటికి నడిచి వెళ్తూ మెర్సీ అడిగింది. "గలాసు తీసుకోనేదేటి?"

"తీసుకోలేకపోనాను."

ఇంటి మలుపులో మెర్సీ ఆగింది.

"ఆ ఇడ్లీలామె పేరేటి?"

"చిన్నతల్లి."

"ఎల్లి సెప్పీ. అన్నయ్య సంగతి నాను సూసుకుంటాను."

సోమవారం మొదటి రైలుకే ఎలీషా నెల్లిమర్ల వెళ్లాడు. అప్పటికే లోపలి గదుల బాదులు తీస్తున్నారు. సత్యానందం వీధిలో నిలబడి ఉన్నాడు. తిరుమలరావు, చిన్నతల్లి అరుగు పక్కన ఉన్నారు. కూలీలు ఇద్దరు బాల్కనీ చివరి బాదు దగ్గరకి సుత్తి పట్టుకుని వచ్చారు. ఎలీషా వెళ్లి ఆ బాదుని రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డాడు.

"ఇది తీయొద్దు. తిరుమలరావు గారూ, దీంట్లో ఊసలు కిందకి దిగిపోనాయని నా అనుమానం. బాదులు తీసేస్తే నిలబడదు."

తిరుమలరావు అర్థం కానట్టు చూశాడు. "ఇనుము కట్టింది నువ్వే కదా?"

"నానే కట్టేను. పోసినప్పుడు నాను లేను."

సత్యానందం ముందుకి వచ్చాడు. కోప్పడలేదు. జాలిగా, అందరికీ వినపడేలా చెప్పాడు.

"బాబూ, ఈడి జతగాడు ఇశాపట్నంలో సన్‌సేడు పడి సచ్చిపోనాడు. అప్పట్నుంచి ఏది సూసినా పడిపోతాదనే అంటాడు. మా సెల్లి మొగుడే. మనసు బాగునేదు. మీరేటీ అనుకోకండి."

కూలీలు ఎలీషా వైపు చూశారు. బావ తిట్టినా, కొట్టినా అంత బాధపడేవాడు కాదట. ఆ మాటలో కొంత నిజం కూడా ఉందనిపించింది.

"ఒక శానం, సుత్తీ ఇప్పించండి. పైన గోడ పక్కన సూద్దాం. అంగుళం లోతులో ఊస కనిపించిందంటే నాదే తప్పు. నానే పూడ్సి, ఇంకెప్పుడూ ఇనుము ముట్టుకోను" అన్నాడు.

తిరుమలరావుకి అనుమానం పట్టుకుంది. సరేనన్నాడు. అందరూ పైకి ఎక్కారు. ఎలీషా ఎడమ చివర గోడని ఆనుకుని కొట్టాడు. సిమెంటు పెచ్చులు లేచాయి. అంగుళం మీద కొంచెం దిగగానే శానానికి ఖణేల్మని తగిలింది. తుడిచి చూస్తే ఊచ. ఉండాల్సిన చోటే ఉంది.

సత్యానందం ఊపిరి వదిలాడు. "సూసినావా?"

ఎలీషా స్లాబు మీద కూలబడ్డాడు. "నాకు నిజంగానే పిచ్చేమో అనుకున్నాను. కానీ కొంచెం హాయిగా కూడా ఉన్నాది. పడిపోదు కదా అని" అని నాతో చెప్పాడు.

చిన్నతల్లి మాత్రం కదలలేదు. తన చెయ్యి ఒకసారి ముందుకి చాపి, దించుకుంది.

"అటు మెట్ల వేపు కూడా తవ్వండి. తట్టలు మోసినోల్లు అటేపు నుంచే కదా వచ్చేరు. నాను కింద నుంచి సూసేను."

"మళ్లీ ఎందుకమ్మా, ఉన్న స్లాబు పాడవుతాది" అన్నాడు సత్యానందం.

"అవనీ."

ఎలీషా లేచి మెట్ల వైపు వెళ్లాడు. రెండుసార్లు శానం జారింది. అంగుళం దిగింది. రెండంగుళాలు. రాయి, సిమెంటు తప్ప ఏమీ లేదు. మూడు దాటింది. స్లాబు మొత్తం మందమే అయిదు అంగుళాలు. నాలుగు దగ్గరకి వచ్చాక ఇనుము తగిలింది. తిరుమలరావు వంగి, గుంటలో వేలు పెట్టాడు. వేలు మొత్తం లోపలికి వెళ్లింది.

ఎలీషా ఇంకో రెండు చోట్ల తవ్వి చూపించాడు. రెండు చోట్లా అంతే.

"ఎవులు సెప్పేరు నీకు?" సత్యానందం గొంతు తగ్గించి అడిగాడు.

"తట్టలు మోసినోల్లే" అన్నాడు ఎలీషా. అన్నాక నాలుక కరుచుకున్నాడు.

తిరుమలరావు లేచి నిలబడ్డాడు. అతని కోపం సత్యానందం మీదకి కాక ముందు ఎలీషా మీదకే వచ్చింది.

"ఎప్పుడు తెలిసింది నీకు?"

"పోసిన రోజే."

"పదహారు రోజులు. ఆల్లు పొద్దున్నే వచ్చి బాదులు తీసేసుంటే? నా ఇంటిది రేపే అక్కడ పొయ్యి పెడతానంది."



బాల్కనీని కొట్టేయడానికి మూడు రోజులు పట్టింది. బాదులు అలాగే ఉంచి, గది లోపలి నుంచి వచ్చిన ఊచలు తెగకుండా జాగ్రత్తగా కాంక్రీటు రాల్చాల్సి వచ్చింది. సత్యానందం తన మనుషులతోనే చేయించాడు. తప్పించుకోలేదు. ఎలీషా కూడా వాళ్లతో పాటు సుత్తి పట్టాడు. బావ ఒక్కసారి కూడా అతనితో మాట్లాడలేదు. ఊచలు సరిచేసి, కుర్చీలు ఇరవై రెండు పెట్టి, మళ్లీ పోశారు. పోస్తున్నంతసేపూ తిరుమలరావు మెట్ల దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుని, ఎవరినీ ఊచల మీద కాలు పెట్టనివ్వలేదు. ఈసారి ఇరవై ఎనిమిది రోజులు ఆగి బాదులు తీశారు. బాల్కనీ నిలబడింది.

ఆ పని అయ్యాక సత్యానందం ఎలీషాని పిలవడం మానేశాడు. ఆ చుట్టుపక్కల మేస్త్రీలంతా ఒకరికొకరు తెలిసినవాళ్లే. ఇంటివాళ్లకి ఉన్నదున్నట్టు చెప్పేసే మనిషిని పెట్టుకుంటే తలనొప్పి అనుకున్నారు. రెండు నెలలు ఎలీషాకి పనే లేదు. మెర్సీ అన్నయ్య ఇంటికి రెండుసార్లు వెళ్లింది. మొదటిసారి వదిన మాట్లాడింది, అన్నయ్య పెరట్లోకి వెళ్లిపోయాడు. రెండోసారి, "నీ మొగుడు నన్ను నలుగుర్లో నిలబెట్టినాడు. ముందు నాతో ఇంకో రెండుసార్లు సెప్పుంటే నాను యినేవోన్ని" అన్నాడు. వినేవాడో కాదో మెర్సీకి తెలియదు. కానీ ఆ మాట ఇంటికి వచ్చి చెప్పింది. ఎలీషా, "యినేవోడేమో" అన్నాడు.

దాలమ్మ పని కూడా పోయింది. తట్టలు మోసింది నలుగురే. వాళ్లలో ఎలీషా ఊరి మనిషి ఆమె ఒక్కతే. ఎవరు చెప్పారో కనిపెట్టడానికి సత్యానందానికి ఎంతోసేపు పట్టలేదు. ఈ సంగతి తెలిసి ఎలీషా ఆమె ఇంటికి వెళ్లాడు. దాలమ్మ వాకిట్లో కట్టెలు కొడుతోంది. కూర్చోమనలేదు.

"సెప్పనన్నావు బాబాయి."

"నీ పేరు సెప్పనేదమ్మా."

"పేరు సెప్పకపోతే ఏటి, తెలిసిపోదా?"

"తప్పయిపోయింది."

"తప్పయితే నాకేటొస్తాది? పని సూపించు" అంది దాలమ్మ, కత్తి పక్కన పెట్టి.

అప్పటికి అతనికే పని లేదు. ఆ మాటే చెప్పాడు. దొరికినప్పుడు చెప్పమంది. మూడు వారాల తర్వాత కోటబొమ్మాళిలో ఒక ధాన్యం గోడౌను పని దొరికింది. ఆ ఊరి పేరు వినగానే ఎలీషా వద్దనుకున్నాడట. అప్పలసూరి చనిపోయాక ఆ వైపు వెళ్లలేదు. ఇంకో దారి లేక ఒప్పుకున్నాడు. దాలమ్మని కూడా రమ్మన్నాడు. ఆడమనిషి ఇనుము కట్టడమేమిటని గోడౌను వాళ్లు నవ్వారు. ఎలీషా కొక్కెం ఆమె చేతికిచ్చి, తీగ ఎలా చుట్టాలో, ఎన్ని మెలికలకి ఆపాలో చూపించాడు. ఎక్కువ తిప్పితే తీగ తెగుతుంది, తక్కువ తిప్పితే జారుతుంది. మొదటి రోజు వేళ్లన్నీ కోసుకుంది. వారం తిరిగేసరికి అతని పక్కన సమానంగా కట్టుకుంటూ వచ్చింది.

అప్పలసూరి తల్లి ఇంకా ఉందేమోనని ఒక మధ్యాహ్నం అడుగుతూ వెళ్లాడు. ఆ ఇంట్లో వేరేవాళ్లు ఉన్నారు. ఆమె పోయి అయిదేళ్లయిందని చెప్పారు. వెనక్కి వచ్చి మళ్లీ పనిలో కూర్చున్నాడు. దాలమ్మ ఎక్కడికెళ్లావని అడిగితే, తెలిసినోల్లింటికి అన్నాడు.

ఇప్పుడు ఇద్దరికీ పని దొరుకుతోంది, కాకపోతే అన్నీ దూరాలే. పొద్దున్నే రైలు, రాత్రికి ఇల్లు. చీపురుపల్లి చుట్టూ ఎవరూ పిలవరు.

ఈ మధ్య సత్యానందం మనవడికి పేరు పెట్టారు. మెర్సీ ఒక్కదానికే కబురొచ్చింది. వెళ్లింది. వచ్చేటప్పుడు వదిన టిఫిను క్యారియరులో కూరా, పులిహోరా కట్టి ఇచ్చింది. ఎలీషా తింటుంటే మెర్సీ ఎదురుగా కూర్చుంది.

"బావ నా సంగతేటైనా అడిగేడా?"

"అడగనేదు" అంది మెర్సీ.

ఎలీషా తినడం ముగించి, చెయ్యి కడుక్కుని, మర్నాటి పనికి తీగ చుట్టలు సంచిలో సర్దుకున్నాడు.